చక్ బెర్రీ పోయాక అతికించిన ఆల్బమా?

అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ చివరి ఆల్బమ్ ‘చక్’ గురించి ఒక మాట బాగా తిరుగుతోంది. ఆయన పోయాక కంపెనీవాళ్లు పాత టేపుల దుమ్ము దులిపి, పేరున్న గిటారిస్టులతో అతుకులు వేయించి సొమ్ము చేసుకున్నారట. నమ్మబుద్ధేసేలాగే ఉంది. ఆయన చనిపోయింది 2017 మార్చి 18న, ఆల్బమ్ వచ్చింది అదే ఏడాది జూన్‌లో.

కానీ క్యాలెండర్ ఇంకాస్త వెనక్కి తిప్పాలి. 2016 అక్టోబర్ 18న, తన 90వ పుట్టినరోజున, ఆల్బమ్ వస్తోందని బెర్రీయే ప్రకటించారు. భార్య థెమెట్టాకు అంకితమిస్తూ, ముసలివాణ్ణవుతున్నానని, దీని మీద చాలాకాలం పనిచేశానని, ఇక బూట్లు విప్పి తగిలించేయొచ్చని, అంటే పని చాలించొచ్చని, అన్నారు. 1979 నాటి ‘రాక్ ఇట్’ తర్వాత 38 ఏళ్లకు వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఇది. పోయాక ఎవరికో పుట్టిన ఆలోచనైతే, ఐదు నెలల ముందే ఆయన నోట ఎలా వచ్చింది?

అతిథులుగా వచ్చిన సంగీతకారులే ఆల్బమ్‌ను నడిపించారనేది ఇంకో ఆరోపణ. టామ్ మొరెల్లో, నథానియెల్ రేట్లిఫ్ ‘బిగ్ బాయ్స్’లో వినిపిస్తారు. గ్యారీ క్లార్క్ జూనియర్ ‘వండర్‌ఫుల్ వుమన్’లో. ఆల్బమ్‌లో ఉన్నవి పది పాటలు! బరువు మోసింది సెయింట్ లూయిస్‌లోని బ్లూబెర్రీ హిల్ అనే రెస్టారెంట్‌లో ఏళ్ల తరబడి ఆయన వెనక వాయించిన బ్యాండు: బేస్ మీద జిమ్మీ మార్సాలా, పియానో మీద రాబర్ట్ లోర్, డ్రమ్స్ మీద కీత్ రాబిన్సన్. కొడుకు చార్లెస్ గిటార్, కూతురు ఇంగ్రిడ్ హార్మోనికా. ఏ ఊరికెళ్తే ఆ ఊళ్లో దొరికిన బ్యాండుతో పని కానిచ్చేస్తారని పేరుపడ్డ మనిషి, ఇక్కడ మాత్రం సొంత మనుషులతోనే కూర్చున్నారు.

ఇక, పాత ట్యూన్లే మళ్లీ వాయించారన్న మాట. ఇందులో కొంత నిజముంది, దాచడమెందుకు. ‘లేడీ బి. గూడ్’ 1958 నాటి ‘జానీ బి. గూడ్’కు జోడీ, ‘జమైకా మూన్’ పాత ‘హవానా మూన్’కు చుట్టం. అయినా తన గిటార్ ఎత్తుగడను పాట తర్వాత పాటలో వాడుకోవడం ఆయనకు యాభైల నుంచీ అలవాటే. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకో. ఇలా అనేవాళ్లు ‘డచ్‌మన్’ ఊసెత్తరు. అందులో ఆయన పాడరు, బార్‌లో కథ చెప్పినట్టు చెబుతారు. ‘డార్లిన్’లో వయసు మీదపడుతోందని కూతురితో కలిసి పాడతారు. గొంతులో పాత జోరు లేదు, నిజమే. ఆ పాట పూర్తిగా విన్నాక కూడా ఇది కంపెనీ అతుకులేననిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.