ఆ ఫ్యాన్ ఎవరిచ్చారో తెలుసా?

ఇంకా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఈరోజు చర్చిలో కానుకల పాట నడుస్తుండగా, అమ్మకి జలుబుగా ఉందని మా నెత్తి మీది ఫ్యాన్ కట్టేశాను. అంతే. సంఘ పెద్ద ఒకాయన రెండు వరుసలు దాటుకుని వచ్చి, "ఆ ఫ్యాన్ ఎవరిచ్చారో తెలుసా అమ్మా?" అన్నారు. తెలియకపోవడమేమిటండీ! మూడు రెక్కల మీదా ఎర్ర పెయింటుతో ఆయన పేరే. తిరుగుతున్నప్పుడు ఎవరికీ కనబడదు. ఆపినందుకు నిజానికి నాకు థాంక్స్ చెప్పాలి.

1936లో మన పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లాక తెలుగులో పేరు రాసుకునే చోట్లు తగ్గిపోయాయి, ఒప్పుకుంటాను. అందుకని ఫ్యాన్ రెక్కలా?

అసలు మంట అది కాదు. అంతకు పావుగంట ముందే ఆయన 'తగ్గింపు' మీద వాక్యం చెప్పి దిగారు. క్రీస్తు తనను తాను రిక్తుడిగా, అంటే ఖాళీగా, చేసుకున్నాడని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన మాట. దేవుడితో సమానుడై ఉండి దాసుడి రూపం తీసుకున్నవాడి గురించి చెప్పి, వెంటనే ఫ్యాన్ లెక్క!

పోయిన ఏడాది యూత్ వాళ్లతో బస్సులో ఇక్కడి ఒడిశా చంద్రగిరికి వెళ్లినప్పుడూ ఈయనే. 1963లో అక్కడ స్థిరపడిన టిబెట్ వాళ్లు కట్టుకున్న జిరంగ్ బౌద్ధ మఠం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించింది. దాని ముందు నిలబడి, "ఈ బౌద్ధులు 'నేను' అన్నదే లేదంటారు, పాపం, ఇక రక్షణ ఎవరికి?" అని నవ్వారు. నవ్వేముందు కాస్త తెలుసుకోవాలి కదా. రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక), మనిషంటే ఈ అయిదే, వీటిలో దేన్నీ 'ఇది నేను, ఇది నాది' అనలేమని బుద్ధుడు తన మొదటి అయిదుగురు శిష్యులకు చెప్పాడు. ఉందనుకుని పట్టుకు వేళ్లాడేదాన్ని వదలమన్నాడు. మన దగ్గర 'నేను' ఉంది, దాన్ని దేవుడికి అప్పజెప్పాలి. రెండూ ఒకటే అని కలిపేసేవాళ్లన్నా నాకు ఒళ్లు మంటే. 1968లో థామస్ మెర్టన్ అనే కేథలిక్ సన్యాసి ధర్మశాల వెళ్లి దలైలామాతో మూడుసార్లు కూర్చుని మాట్లాడాడు. ఇద్దరూ ఎవరి దారి వాళ్లు వదులుకోలేదు, ఎదుటివాడిని చూసి వెకిలిగా నవ్వనూ లేదు.

సరే, చెప్పేస్తాను. ఫ్యాన్ ఒక వంక. నాన్న పోయాక ఇంటి వాటా తగువు వచ్చినప్పుడు మధ్యవర్తిగా కూర్చున్నదీ ఈయనే. "నాది నాది అనుకోకమ్మా, అహం చంపుకో, ప్రభువు చూసుకుంటాడు" అని నా చేత హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించారు. మా అన్నయ్యతో మాత్రం ఏ అహమూ చంపుకోమనలేదు. అన్నయ్యకి అహం లేదేమో! బౌద్ధుడై ఉంటాడు.

అమ్మ ఇరవై ఏళ్లు క్రిస్మస్ భోజనాలకు ఆ చర్చి వెనక పొయ్యి దగ్గర కూర్చుంది. ఏ గరిటె మీదా ఆవిడ పేరు లేదు. ఎవరూ 'తగ్గించుకో' అని ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది, అప్పటికే అంత తగ్గిపోయి ఉంది.

వచ్చే ఆదివారం కూడా అదే బెంచీలో కూర్చుంటాం. ఫ్యాన్ కట్టేస్తాను. ఈసారి అమ్మకి జలుబు లేకపోయినా సరే.