ఎన్నో సంతానం అని కాదు, ఎన్ని తలుపులు తెరిచారని అడగండి

తోబుట్టువుల్లో పెద్దవాళ్లకు బాధ్యత ఎక్కువ, నడిమివాళ్లు సర్దుకుపోతారు, ఆఖరివాళ్లు ఎదురు తిరుగుతారు. ఆస్ట్రియా మనస్తత్వవేత్త ఆడ్లర్ కాలం నుంచి వందేళ్లుగా నలుగుతున్న ఈ మాటను పట్టుకుని అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కెరీర్‌ను కూడా విడమరిచి చెప్పేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీలకు చెందిన 20 వేల మందికి పైగా జనాల సమాచారం పరిశీలించారు. అదే ఏడాది మరో బృందం 3,77,000 మంది అమెరికా హైస్కూల్ విద్యార్థులను చూసింది. పుట్టిన వరుసకూ స్వభావానికీ సంబంధం దాదాపు ఏమీ కనిపించలేదు. తెలివితేటల పరీక్షల్లో పెద్దవాళ్లకు పిసరంత మొగ్గు ఉంది, అంతే.

అట్లాంటాలోని కింగ్ కుటుంబాన్నే చూడండి. క్రిస్టీన్ పెద్దది, పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ నడిమివాడు, ఆల్ఫ్రెడ్ డేనియల్ చిన్నవాడు. 1948లో అక్క స్పెల్‌మన్ కాలేజీ నుంచి, మార్టిన్ మోర్‌హౌస్ కాలేజీ నుంచి డిగ్రీ తీసుకున్నారు. ఆమె టీచరైంది, తమ్ముళ్లిద్దరూ పాస్టర్లయ్యారు. మార్టిన్ మొదట్లో వైద్యం, లా గురించి కూడా ఆలోచించాడు. తాత, తండ్రి పాస్టర్లు. పైగా జాతి విభజన నాటి అమెరికా దక్షిణాదిలో చదువుకున్న నల్లవాళ్లకు బడీ చర్చీ కాక దొరికే దారులు చాలా తక్కువ. ఇందులో పుట్టిన వరుస చెప్పేదేముంది?

ఇప్పటికీ డబ్బు సంగతి పక్కన పెట్టి మాట్లాడలేం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో తెల్లవారి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లవారిది 44,900. చదువు అప్పు నెత్తిన పెట్టుకుని, వెనక తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న పిల్ల బొమ్మలు గీయడం మానేసి నర్సింగ్‌లో చేరితే అది "పెద్దపిల్ల స్వభావం" ఎలా అవుతుంది? అది ఇంటి పరిస్థితి. మన ఇళ్లల్లోనూ పెద్దకొడుకు మీద ఇదే బరువు మోపి, వాడి గుణమే అంత అంటాం.

కెరీర్ సలహా ఇచ్చేవాళ్లు అడగాల్సినవి వేరే ఉన్నాయి. అప్పెంత? ఆ రంగంలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసే వీలుందా? న్యూ ఆర్లీన్స్‌లోని జేవియర్ చిన్న యూనివర్సిటీ. అయినా నల్లజాతి విద్యార్థులను మెడికల్ కాలేజీలకు పంపడంలో దశాబ్దాలుగా ముందుంది. అక్కడ చేసిందల్లా ఏమిటంటే, కాలేజీ మొదలవకముందే వేసవి క్లాసులు పెట్టారు, కెమిస్ట్రీలో వెనకబడ్డవాళ్లను దగ్గర కూర్చోబెట్టి నేర్పారు, కలిసి చదివించారు.