1 తర్వాత 10

చదివి ఉంటే ఈ గొడవే లేదు, విన్నాను. నెలకోసారి పాఠకులంతా చేరి ఒక పుస్తకం మీద అభిప్రాయాలు చెప్పుకునే చోట నన్నూ మాట్లాడమన్నారు. ఈసారి హత్యానవల, 24 అధ్యాయాలు. ఆడియో ఫైళ్లు ఫోన్లో వేసుకుని పనుల మధ్యలో వినేశాను. చదివినాయన అధ్యాయాల పేర్లు చెప్పారు గానీ నంబర్లు చెప్పలేదు. సరే, నా వంతొచ్చింది.

"నన్ను కట్టిపడేసింది శిల్పమండీ," అని మొదలెట్టాను. కథ బాగుందని అప్పటికే అందరూ చెప్పేశారు, ఇక మనకు మిగిలింది శిల్పమే. "మొదటి అధ్యాయంలో అందరూ బతికే ఉంటారు. రెండో అధ్యాయానికి శవాన్ని కూడా తీసుకెళ్ళిపోయారు! ఇల్లంతా ఏడుస్తుంటే కరెంటు మీటరు చూసే మనిషి గుమ్మంలో నిలబడతాడు. ఎందుకొచ్చాడు? రచయిత చెప్పడు. కాసేపటికి చచ్చిపోయినాయన కుర్చీలో కూర్చుని మేనల్లుడితో ఆస్తి తగాదా పడుతుంటాడు. సగంలోనే హంతకుడికి బేడీలు వేస్తారు, ఆ వెంటనే అందరూ కలిసి తీరిగ్గా భోంచేస్తారు. న్యాయవ్యవస్థ మీద ఎంత చేదు! చివరికి తలుపు చప్పుడు దగ్గర ఆపేశాడు. కొట్టిందెవరో మనమే ఊహించుకోవాలి."

ఆ ఊపులో అర్జెంటీనా రచయిత కొర్తాజార్‌నీ లాక్కొచ్చాను. 1963లో అచ్చైన ఆయన నవల 'హాప్‌స్కాచ్'లో 155 అధ్యాయాలున్నాయి, గెంతుకుంటూ చదవాలనుకునేవాళ్ళకి ఏ వరసలో చదవాలో ఆయనే ముందు పట్టిక ఇచ్చాడు. ఇంగ్లీషు రచయిత బి.ఎస్. జాన్సన్ 1969లో ఏకంగా నవలని 27 విడి భాగాలు చేసి పెట్టెలో పెట్టి ఇచ్చాడు, మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి మీ ఇష్టం అన్నాడు. "మన రచయిత ఆ కోవలోవాడు," అన్నాను.

అప్పుడు ఎదురుగా ఉన్న పెద్దాయన తల ఊపారు.

తల ఊపడంలో రకాలున్నాయి. వింటున్నాను అని ఊపేది ఒకటి. ఇక కానివ్వు అని ఊపేది ఇంకొకటి, అది కాస్త వేగంగా ఉంటుంది. ఈయనది మూడో రకం: నేను అనబోయిందే మీరు ముందు అనేశారే అని లోపల నొచ్చుకుంటూ, కళ్ళు సగం మూసి ఊపేది. ఆ ఊపుకి పక్కన ఇద్దరు కూడా ఊపారు. ఊపి ఊరుకున్నా బావుండేది. "కాలాన్ని ముక్కలు చేసి చల్లాడు. నాకైతే రెండోసారి చదివినప్పుడు గానీ అందలేదు," అన్నారాయన.

రెండోసారి!

ఇంతలో, పుస్తకం నిండా చీటీలు పెట్టుకొచ్చిన ఒకావిడ చెయ్యెత్తింది. "ఏమనుకోకండి, మీటరు మనిషి వచ్చేది పదో అధ్యాయంలో కదండీ? తొమ్మిదో అధ్యాయం చివర తలుపు కొట్టింది కూడా అతనే."

చాలా మర్యాదగానే అంది. పేజీ తీసి చూపించింది. నేను ఫోన్ తీశాను. 1, 10, 11, అలా 19 దాకా, ఆ తర్వాత 2, మళ్ళీ 20 నుంచి 24, అప్పుడు 3, చిట్టచివర 9.

ఫైలు పేర్లలో ఉన్నవి ఈ ప్లేయరుకి అంకెలు కావు, అక్షరాలు. ఎడమ నుంచి ఒక్కో గుర్తే పోల్చుకుంటూ పోతుంది, 10లో మొదట ఉన్నది 1 కాబట్టి దాన్ని 2 కంటే ముందు కూర్చోబెడుతుంది. 01, 02 అని పేర్లు పెట్టి ఉంటే చక్కగా వరసలో నిలబడేవి. తొమ్మిదంటే తొమ్మిది సున్నాలు! ఆ ఫైళ్లు తయారుచేసిన మహానుభావుడికి తొమ్మిది సున్నాలు కొట్టే తీరిక లేకపోయింది. లక్షలమంది వాడే ప్లేయరు కట్టినవాళ్ళకి, 1 తర్వాత 2 వస్తుందని చెప్పేవాళ్ళు లేకపోయారు.

సంగతి చెప్పేశాను. అందరూ నవ్వారు, నవ్వాల్సిందే. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఏ వరసలో చదివినా శిల్పం శిల్పమే," అన్నారు, నన్ను ఆదుకుంటున్నట్టు. ఆయన ఒళ్ళో ఉన్న కొత్త కాపీ పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఫైళ్ళకి సున్నాలు తగిలించి వరసలో మళ్ళీ విన్నాను. హంతకుడు మేనల్లుడేనని మూడో అధ్యాయానికే తెలిసిపోతోంది. నేను పుస్తకమంతా అనుమానించిన మీటరు మనిషి రీడింగు రాసుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు.