తొమ్మిది కనబడితే చాలు, తిట్లు మొదలు

మాది మెడికల్ కోడింగ్: డాక్టర్ రాసిన నోట్ చదివి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం జబ్బుకి కోడ్ వేయడం. "అన్‌స్పెసిఫైడ్" కోడ్, అంటే వివరం లేని, ఎక్కువగా చివర్లో తొమ్మిది ఉండే కోడ్, కనబడగానే మా ఫీల్డ్‌లో అందరికీ పూనకం వస్తుంది. బిల్లింగ్ వాళ్లు కోడర్‌ని తిడతారు, కోడర్ డాక్టర్‌ని, డాక్టర్ సాఫ్ట్‌వేర్‌ని. పైనున్నాయన మాత్రం "ఈ నెల అన్‌స్పెసిఫైడ్ సున్నా కావాలి" అని టార్గెట్ పెట్టేస్తాడు. నాకు ఒళ్లు మండేది ఆ సున్నా దగ్గరే.

డాక్టర్‌కే ఇంకా తెలియక వచ్చిన కోడ్ వేరు, తెలిసీ బద్ధకంతో వచ్చిన కోడ్ వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అమెరికా అవుట్‌పేషెంట్ రూల్ ప్రకారం నోట్‌లో "న్యుమోనియా కావచ్చు" అని ఉంటే న్యుమోనియా కోడ్ వేయకూడదు. దగ్గుకి ఆర్05.9, జ్వరానికి ఆర్50.9 వేయాలి. చూడ్డానికి రెండూ గాలి కోడ్‌లే, కానీ అక్కడ అవే కరెక్ట్. సరే, ఎక్స్‌రేలో న్యుమోనియా తేలింది, ఏ క్రిమి వల్లో తేలలేదు. అప్పుడు జే18.9 వేయక ఇంకేం వేస్తాం? ఆ విజిట్‌లో ఎంతవరకు తెలిసిందో అంతవరకే కోడ్ చేయమని అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్సే చెబుతున్నాయి. సున్నా టార్గెట్ పెడితే కోడర్ లేని బ్యాక్టీరియాను పుట్టించాలి.

ఇక బద్ధకం కోడ్‌లు. ఒక క్లినిక్ నుంచి వరసగా హెచ్66.90 వచ్చేది. చెవి ఇన్‌ఫెక్షన్, ఏ రకమో తెలీదు, ఏ చెవో తెలీదు. నోట్ తెరిస్తే కుడి చెవి, అక్యూట్ (కొత్తగా వచ్చింది), చీము, కర్ణభేరి చిరగలేదు అని శుభ్రంగా రాసి ఉంది. అంటే హెచ్66.001. డాక్టర్ చూశారు, రాశారు, కోడ్ దగ్గరికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్‌లోని ఫేవరెట్స్ లిస్ట్‌లో మొదటిది నొక్కేశారు. ఆ లిస్ట్‌లను ఎవరూ దులపరు. నడుం నొప్పి ఎం54.5ని 2021 అక్టోబర్ 1 నుంచి ఎం54.50, ఎం54.51, ఎం54.59గా విడగొట్టారు. ఆ తర్వాత కూడా పాతదే నొక్కి పంపి, క్లెయిమ్ వెనక్కొస్తే ఇన్సూరెన్స్‌ని తిట్టిన మహానుభావుల్ని చూశాను.

అన్నిటికన్నా ప్రమాదం మన వైపు నుంచే. ఇన్సూరెన్స్ నుంచి సీఓ-11 డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) వస్తుంది, అంటే ప్రొసీజర్‌కి డయాగ్నోసిస్ పొంతన లేదని. వెంటనే ఎవరో ఒకరు "ఏ కోడ్ పెడితే పాస్ అవుతుంది?" అని అడుగుతారు. నోట్‌లో లేని జబ్బు అంటగడితే అది దిద్దుబాటు కాదు బాబూ, తప్పుడు క్లెయిమ్. పైగా ఆ జబ్బు పేషెంట్ ఇన్సూరెన్స్ రికార్డులోకి ఎక్కి కూర్చుంటుంది.

నోట్‌లో ఉంటే చదివి కోడ్ చేయండి, లేకపోతే డాక్టర్‌కి క్వెరీ, అంటే రాతలో ఒక ప్రశ్న, పంపండి. "ఇది సిస్టాలిక్ హార్ట్ ఫెయిల్యూరే కదా?" అని డాక్టర్ నోటికి మనమే మాట అందించకూడదు. రికార్డులో కనబడిన ఆధారాలు రాసి, సాధ్యమైన ఆప్షన్లతో పాటు "ఇతరం", "చెప్పలేం" కూడా ఇవ్వాలి. డబ్బు ఊసే ఎత్తకూడదు.

ఇంత పద్ధతిగా పోయిన నెల నేనే ఒక క్వెరీ పంపాను. మోకాలి నొప్పి, ఎడమా కుడా అని. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: "అవును."

అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌కైతే క్లెయిమ్ పంపడానికి సర్వీస్ తేదీ నుంచి ఏడాది టైముంది కాబట్టి సరిపోయింది. రెండో క్వెరీ పంపి కూర్చున్నాను.