దించిన బండి నేరం కాదు, దానికి చోటు చూపించండి

హైవే మీద బైక్ రేసులు, బండ్ల సీజ్, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్. ఇవి మనం రోజూ చదివే వార్తలే. డ్రాగ్ రేసు కోసం, అంటే తిన్నటి దారిలో పావు మైలు పరుగు కోసం, సస్పెన్షన్ దించి నేలకు దగ్గర చేసిన బండి కనబడితే చాలు, నడిపేవాడు పోకిరీ అని తేల్చేస్తున్నాం. అది అన్యాయం.

ఈమధ్య జడ్చర్లలో ఒక మెకానిక్ షెడ్డు ముందు గంటసేపు నిలబడ్డాను. ఇరవై ఏళ్ల కుర్రాడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల క్లాంపు బోల్టులు వదులు చేశాడు, బండి ముందు భాగం దిగేలా ఫోర్కుల ట్యూబులు పైకి జరిపాడు, రెండు పక్కలా టేపుతో కొలిచాడు. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. మళ్లీ విప్పాడు. "రెండు దిక్కుల సమానం లేకుంటే బండి గుంజుతది అన్నా" అన్నాడు. తర్వాత ఫోర్కులను గట్టిగా అదిమి, మడ్‌గార్డ్ రేడియేటర్‌కు తగులుతుందేమో వంగి చూశాడు.

క్లచ్ వదలగానే బరువు వెనక్కి పోయి ముందు చక్రం లేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ తగ్గించక తప్పదు. 402 మీటర్ల, అంటే పావు మైలు, పరుగులో ఆ క్షణం పోతే రేసు పోయినట్టే. బరువు నేలకు దగ్గరైతే చక్రం అంత తేలిగ్గా లేవదు. చక్రం లేవకుండా చిమ్టా (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) పొడిగించాలంటే డబ్బు కావాలి, దించడానికి చాలాసార్లు ఓపిక ఉంటే చాలు. ఫోర్కులు జరపడానికి ఖర్చే లేదు. వెనక షాకబ్జర్‌ను చిమ్టాకు కలిపే లింకు ఉన్న బండ్లలో చాలావాటికి పొడవాటి లింకులు వేస్తే సరిపోతుంది. కేటీఎం డ్యూక్‌కు లింకే ఉండదు కాబట్టి షాకబ్జర్ మార్చాల్సిందే. స్ప్రింగు కోసేవాళ్లను మాత్రం నేను సమర్థించను, అది ప్రాణంతో చెలగాటం.

రోడ్డు మీద ప్రమాదం కాదా అంటారు. ముమ్మాటికీ ప్రమాదమే. ముందు మాత్రమే దించితే స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది, స్పీడ్ బ్రేకర్‌కు కింది భాగం తగులుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అందుకే ఈ బండి రోడ్డెక్కకూడదు.

మరి ఎక్కడికి పోవాలి? అదే చట్టంలోని 189వ సెక్షన్ చదవండి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా పబ్లిక్ స్థలంలో రేసు పెడితేనే నేరం. అనుమతి ఇచ్చే దారిని చట్టమే తెరిచి పెట్టింది! 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. రాజధానిలో ఊరి మధ్య రోడ్లు మూసి రేసు పెట్టగలిగినప్పుడు, జిల్లాలో ఊరి బయట తిన్నగా ఒక కిలోమీటరు దారి దొరకదా? పావు మైలు పరుగుకు, మిగిలింది ఆగడానికి.

మా దక్షిణ తెలంగాణకు ఎప్పుడూ ఇంతే. 44వ నంబరు హైవే పాలమూరు మీదుగా, 65వ నంబరు హైవే నల్లగొండ జిల్లా మీదుగా పోతాయి. ఆగి చూసే ఆట ఒక్కటీ ఇక్కడ పెట్టరు. చేతిలో పనితనం ఉన్న పిల్లలను పట్నానికి పంపుతాం, లేదంటే స్టేషన్‌కు పంపుతాం.

నెలకో ఆదివారం, హెల్మెట్ తప్పనిసరి, అంబులెన్స్ పక్కనే, బండ్లు ట్రాలీ ఆటోలో రావాలి, ట్రాలీలోనే పోవాలి. ఈ షరతులతో ఆ అనుమతి కాగితం అడగాల్సింది నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేలు. అడగండి.