లైసెన్సు ఉంది కదా అని తూటాలు చేసుకోవచ్చా? ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

సంక్రాంతి ముందు నుంచి మా పాలకొల్లు, నరసాపురం వైపు గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పైన తళతళలాడే 9 ఎం.ఎం. తూటాల ఫొటో. కింద ఉన్న మాటల సారాంశం ఇది: "తుపాకీ లైసెన్సు ఉన్నవారు తూటాలు కొనుక్కోనక్కరలేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. అమెరికాలో లక్షల మంది చేసుకుంటున్నారు. చిన్న యంత్రం తెప్పించుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఖాళీ తొడుగులు, చేపల వలలకు కట్టే సీసం, బాణసంచా మందు చాలు. మన షూటర్లు పతకాలు తెస్తున్నది ఇలాగే. చేపల చెరువుల మీద పడే పక్షులకు కూడా పనికొస్తుంది." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని పక్కవాళ్లకు పంపుతున్నారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

అమెరికా సంగతి నిజమే. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, పైన గుండు. పేల్చాక మిగిలేది తొడుగు ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి మిగతా మూడూ మళ్లీ అమర్చుకోవడం అక్కడ చాలామందికి కాలక్షేపం. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు. అమ్ముకుంటే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి. శ్రద్ధగా, లెక్కగా చేసేవారంటే నాకు గౌరవమే. గొడవంతా ఆ పనిని వాళ్ల చట్టంతో, వాళ్ల దుకాణాలతో కలిపి చూడకుండా, ఒక్క ఫొటోతో మన గోదావరి జిల్లాల్లో దింపేయడంలోనే ఉంది.

"లైసెన్సు ఉంటే చేసుకోవచ్చు" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు గురించి చెప్పేది 3వ సెక్షన్. తయారీ, అమ్మకం, మరమ్మతు వంటివాటికి వేరే లైసెన్సు ఉండాలని చెప్పేది 5వ సెక్షన్. అందులో తుపాకులతో పాటు తూటాలూ ఉన్నాయి. నమ్మకం కుదరకపోతే బీరువాలోంచి మీ లైసెన్సు పుస్తకం తీసి చూడండి. ఏ ఆయుధం, ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్న వివరాలుంటాయి. చేసుకోవచ్చన్న మాట మాత్రం ఏ పేజీలోనూ దొరకదు. 5వ సెక్షన్‌ను మీరి తయారు చేస్తే 25వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణకు ముందు అది కనీసం మూడేళ్లు. ఇప్పుడు కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం, పైగా జరిమానా. కాలక్షేపానికి ఇంత మూల్యమా అని ఆలోచించాల్సింది సందేశం పంపేముందే.

యంత్రం గురించి ఇంకో మెలిక ఉంది. డల్లాస్‌లో ఉన్న బావగారు సామానులో పెట్టి పంపితే సరిపోతుందని అనుకునేవారు మా వైపు తక్కువేమీ కాదు. అదే చట్టంలోని 2వ సెక్షన్ ఇచ్చిన నిర్వచనంలో తూటాలంటే తయారైన తూటాలు మాత్రమే కావు, వాటి భాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా వస్తాయి. అంటే ఆ యంత్రాన్ని దిగుమతి చేసుకోవడమంటే చట్టం దృష్టిలో తూటాలను దిగుమతి చేసుకోవడమే. దానికీ లైసెన్సు కావాలి. బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క తూటాకు విమానాశ్రయంలో కేసు పడి, "తెలిసి ఉంచుకున్నది కాదు" అని హైకోర్టు దాకా వెళ్లి కొట్టివేయించుకున్నవారున్నారు. పొందికగా ప్యాక్ చేసి తెప్పించిన యంత్రానికి ఆ మాట కూడా చెప్పుకోలేం. ఇక ఫొటోలోని 9 ఎం.ఎం. మన దగ్గర నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). మామూలుగా పౌరులకు లైసెన్సు వచ్చేది .32 వంటి వాటికి. సందేశం రాసినవారికి ఈ తేడా కూడా తెలియదంటే తక్కినదాని మీద ఎంత నమ్మకం ఉంచాలో మీరే చెప్పండి.

ఖర్చు లెక్క కూడా అమెరికా లెక్కే. అక్కడ ప్రైమర్లు, మందు దుకాణంలో పెట్టెల్లో దొరుకుతాయి. మన దగ్గర పిస్టల్ ప్రైమర్లూ, నేటి తూటాల్లో వాడే పొగరాని మందూ చిల్లరగా కొనుక్కునే సరుకు కాదు. దొరకని వస్తువు ధర సగమైతే ఎంత, పావలా అయితే ఎంత? పైగా అక్కడివాళ్లే నవ్వుతూ చెప్పుకునే మాట ఒకటుంది: తూటాలు చేసుకోవడం వల్ల డబ్బు మిగలదు, అదే డబ్బుకు ఎక్కువసార్లు కాలుస్తామంతే.

అసలు ఒళ్లు జలదరించేది బాణసంచా మందు అన్న మాటకు. బాణసంచాలో పాతకాలపు నల్లటి తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) ఉంటుంది, అంటే సురేకారం, గంధకం, బొగ్గు. పెద్ద చప్పుడు చేసే టపాసుల్లో అల్యూమినియం పొడి కలిసిన మందు ఉంటుంది. నేటి పిస్టల్ తూటాలో ఉండేది నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పొగరాని మందు. ఫ్రాన్స్‌లో పాల్ వియే 1884లో దాన్ని రూపొందించాక తుపాకుల తీరే మారిపోయింది. ఇవి ఒకదాని బదులు ఇంకొకటి వాడే సరుకులు కావు. మండే వేగం వేరు, ఒత్తిడి వేరు. టపాసు మందు తుపాకీలో తూటా కూర్చునే గదిలో పేలితే గుండు కన్నా ముందు తుపాకీయే ముక్కలు కావచ్చు, పట్టుకున్న చేయి దాని వెనకే ఉంటుంది.

సరైన మందే ఉందనుకుందాం. దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన మూడు బియ్యపు గింజల బరువు. పిస్టల్ తూటాలో పడేది అలాంటివి కొన్నే. కొన్ని రకాల మందులు తొడుగును సగం కూడా నింపవు. అలాంటి మందును చేయి తడబడి ఒకే తొడుగులో రెండుసార్లు పోస్తే పొంగి పొర్లదు, పైన గుండు కూర్చున్నాక కంటికి తేడా తెలియదు. 9 ఎం.ఎం.కు అమెరికా పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడే చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మందు రెట్టింపయితే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, ఇంకా పైకి పోతుంది. అసలు మందే పడకపోతే ఇంకో గండం. ప్రైమర్ ఒక్కటే గుండును తోసి గొట్టం మధ్యలో ఇరికిస్తుంది. చప్పుడు నీరసంగా వినిపించిందని ఇంకోసారి మీట నొక్కితే గొట్టం పగిలిపోవచ్చు. అనుభవజ్ఞులు ప్రతి తొడుగులోకీ దీపం వేసి చూసేది ఇందుకే. "యంత్రం ఉంటే చాలు" అన్నవారికి ఆ దీపం సంగతి తెలిసినట్టు లేదు.

మన గాలిలోని తేమ సంగతి సందేశంలో ఊసే లేదు. మా ఇంట్లో పన్నెండు బోరు తుపాకీకి తాతగారి నాటి కాగితపు తొడుగు తూటాలు కొన్ని ఉండేవి. తేమకు ఉబ్బిపోయి గొట్టంలోకి దూరేవి కావు. ఇత్తడి అడుగున పచ్చటి చిలుము, వేలితో రాస్తే అంటుకునేది. కర్మాగారంలో బిగించిన తూటాల గతే అది. వర్షాకాలంలో గోడలకు చెమ్మ పట్టే ఇంట్లో మందు డబ్బా మూత తీసి కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. తేమ ఒక్కటే కాదు, నిప్పు భయమూ ఉంది. 2025 అక్టోబరులో రాయవరంలో బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడు కోనసీమ ఇంకా మరిచిపోలేదు. మందు పని అదే వృత్తిగా ఉన్నవారి దగ్గరే అలా జరిగింది.

వలల సీసం గురించి రెండు ముక్కలు. గుండుకు వాడే సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు. మెత్తటి సీసం గొట్టం లోపల పూతలా అంటుకుపోతుంది. కరిగించేటప్పుడు తేమ తగిలితే ఎగిరి ముఖాన పడుతుంది. ఆ సీసపు దుమ్ము చేతులకూ బట్టలకూ అంటుకుని వంటింట్లోకి, పిల్లల ఒంట్లోకి చేరుతుంది.

పతకాల మాట సగం తెలిసి రాసినది. 2024 పారిస్‌లో మను భాకర్‌కు రెండు కాంస్యాలు వచ్చినది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో. అందులో మందే లేదు, గాలి ఒత్తిడే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటా. దాని ప్రైమర్ మసాలా తొడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి పేలాక మళ్లీ నింపుకునే రకం కాదు. ప్రైమర్ తొడుగు అడుగున మధ్యలో ఉండే తూటాలు వాడే సెంటర్ ఫైర్ విభాగం వేరు. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా స్వర్ణం గెలిచినది అందులోనే. దాని తూటాలను విదేశాల్లో కొందరు చేత్తో నింపుకోవడం నిజమే. అయితే అది ఒలింపిక్ అంశం కాదు. పిస్టల్ మీద నిజంగా మోజు ఉన్న పిల్లలుంటే .177 బోరు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టించండి. దానికి లైసెన్సే అక్కరలేదు.

ఇక పక్షులు. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద నీటికాకులు, గూడబాతులు చేసే నష్టం నాకూ తెలుసు. పిస్టల్‌తో ఎగిరే పక్షిని కొట్టడం సినిమాల్లో జరుగుతుంది. కొట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో కేసు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు పక్కనే ఉందని కూడా మరిచిపోకూడదు. చెరువు మీద వల కట్టుకోవడం చవక.

పెద్దల కాలం నాటి తూటాలు ఇంట్లో దొరికితే విప్పకండి, మందు తీయకండి. వాటికి చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోతే 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో గానీ అప్పగించి రసీదు తీసుకోండి.