చిన్న సైటుతో హ్యాకర్లకు పనేమిటట?

సొంత వెబ్‌సైటు నడుపుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. కవితలో వంటలో రాసుకునే చిన్న సైటు జోలికి హ్యాకర్లు రారట. చిరునామా పక్కన తాళం గుర్తుంటే సైటు భద్రమట. పాస్‌వర్డ్ నెలకోసారి మారిస్తే చాలట. బాగా నడుస్తున్న సైటును అప్‌డేట్ల పేరుతో కదిలించకూడదట. వినడానికి హాయిగా ఉన్నాయి గానీ, నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

"మన దగ్గర దోచుకోవడానికి ఏముంది?" ఎవరో పనిగట్టుకుని మీ సైటును ఎంచుకుంటారన్న ఊహ ఇది. వచ్చేది మనిషి కాదు, ప్రోగ్రాము. వీధిలో ప్రతి తలుపూ నెట్టి చూస్తూ పోతుంది. నా సైటు వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌తో కట్టింది కాదు, చేత్తో రాసుకున్న పది పేజీలు. అయినా సైటు ఉండే కంప్యూటర్, అంటే సర్వర్, వచ్చినవాళ్ల జాడ రాసుకునే లాగ్ తెరిస్తే వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం బారులు తీరిన ప్రయత్నాలే. లేని తలుపును అర్ధరాత్రి తట్టి, 404, అంటే "పేజీ లేదు" అనిపించుకుని పోతుంటాయి.

వాటికి కావలసింది మీ కవితలు కాదు, గూగుల్‌లో మీ చిరునామాకున్న పరువు. నాకు తెలిసిన ఒకావిడ పచ్చళ్ల గురించి రాసేవారు. ఫోనులో చూస్తే సైటు మామూలుగానే ఉంది. గూగుల్‌లో వెతికితే మాత్రం ఆవకాయ కింద జపాన్ లిపిలో చేతిసంచుల ధరలు! చొరబడినవాళ్లు దొంగ పేజీలు పుట్టించి, అవి గూగుల్‌కే కనబడేలా, ఆవిడ తెరిస్తే "పేజీ లేదు" అని వచ్చేలా ఏర్పాటు చేశారు. ఇది ఎంత మామూలంటే, దీన్ని ఎలా వదిలించుకోవాలో గూగులే ఒక మార్గదర్శిని రాసిపెట్టింది.

ఇక తాళం. మీ బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే అది చెబుతుంది. సర్వర్ లోపల దొంగ కూర్చున్నా తాళం అలాగే మెరుస్తుంది. ఈ అపార్థం ముదిరే, 2023లో గూగుల్ క్రోమ్ ఆ గుర్తునే మార్చేసింది.

నెలనెలా మార్చమంటే జనం పాస్‌వర్డ్ చివర 1 తీసి 2 పెడతారు. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. పొడవైనది, మరెక్కడా వాడనిది ఒకటి పెట్టుకుని, ఫోనుకు కోడ్ వచ్చే రెండో అంచె కూడా చేర్చుకోండి.

అసలు ప్రమాదం నాలుగో సలహాలో ఉంది. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా వ్యాసాలు మార్చగల లోపాన్ని సరిదిద్దుతూ వర్డ్‌ప్రెస్ 2017 జనవరి 26న 4.7.2 వెర్షన్‌ను విడుదల చేసింది. ఆ లోపం సంగతి వారం దాచి, ఫిబ్రవరి 1న బయటపెట్టింది. ఆ వారంలో వాటంతటవే అప్‌డేట్ అయిన సైట్లు గట్టెక్కాయి. కదిలించని సైట్లలో లక్షల పేజీలపై దుండగులు తమ పేర్లు రాసుకుపోయారు. సైటుకు అదనపు పనులు నేర్పే ప్లగిన్లదీ ఇదే కథ. వాడనివాటిని ఆపేస్తే చాలదు, తీసేయాలి; ఫైలు సర్వర్‌లో ఉన్నంతకాలం దాన్ని నేరుగా తట్టవచ్చు.

అప్‌డేట్‌తో ఒక్కోసారి సైటు చెదురుతుంది, నిజమే. అందుకే ముందు బ్యాకప్ తీసుకోవాలి, వేరేచోట దాచుకోవాలి. పచ్చళ్లావిడకూ బ్యాకప్ ఉంది, అదే సర్వర్‌లో, పక్క ఫోల్డర్‌లో. తెరిస్తే అందులోనూ దొంగ ఫైళ్లే. రెండేళ్ల వంటకాలను పాత నోటుపుస్తకం చూసి మళ్లీ టైపు చేసుకుంటున్నారు.